రిజిస్టరులో లేని గడి

రాజమహేంద్రవరం

చిరంజీవి స్వాతికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆస్పత్రి మొత్తానికి నువ్వొక్కదానివే ఫిజియోథెరపిస్టువి. పొద్దున ఓపీలో మోకాళ్ల నొప్పులు, మెడ నొప్పులు నలభైమంది. ఆ తర్వాత ఆర్థో వార్డు. పక్షవాతం వాళ్ల దగ్గరికి వెళ్లేసరికి ఒంట్లో ఓపిక ఉండటం లేదన్నావు. వికలాంగుల సర్టిఫికెట్ల కోసం పెట్టే సదరం క్యాంపు ఉన్న రోజున అసలు వెళ్లడమే కుదరదు. ఇంకో పోస్టు కావాలని అడిగితే, ‘ఒక్కదానివే అందర్నీ చూసేస్తున్నావు కదమ్మా’ అన్నారని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. ఫిజియోథెరపిస్టుగా నా సర్వీసంతా నాకూ అదే జవాబు వచ్చింది.

మన రిజిస్టరు తీసి చూడు. పేరు, వయసు, జబ్బు, ఇచ్చిన చికిత్స. మనిషి ఎలా వచ్చాడో, ఎలా వెళ్లాడో రాసే గడి ఉండదు. ఒక్కరే హడావిడిగా నలభైమందిని చూసినా నలభయ్యే, ఇద్దరు కలిసి నింపాదిగా చూసినా నలభయ్యే. రెండో మనిషి ఎందుకని అడిగేవాళ్లకి ఆ పుస్తకంలో జవాబు దొరకదు.

రైసుమిల్లులో హమాలీ ఒకాయన ఉండేవాడు. యాభై నిండలేదు. కుడివైపు పడిపోయింది. నేను ఆయన మంచం దగ్గరికి వెళ్లింది చేరిన తొమ్మిదో రోజున. అప్పటిదాకా భార్య ఆ పడిపోయిన చెయ్యే పట్టుకుని లాగి లేపుతోంది. పాపం, అలా లాగకూడదని ఆమెకి ఎవరూ చెప్పలేదు. భుజం కిందికి జారింది, ముట్టుకుంటే కేక పెట్టేవాడు. నడక వచ్చింది గానీ బస్తా ఎత్తే భుజం మళ్లీ రాలేదు. రిజిస్టరులో మాత్రం ఆయన పక్షవాతం కేసు, పన్నెండు సిట్టింగులు, అంతే. ఆ తొమ్మిది రోజులు ఎక్కడా లేవు. నేనూ రాయలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా అది నన్ను వదల్లేదు.

అందుకే రేపే స్కేలు పెట్టి కొత్త గళ్లు గియ్యి. చేరిన తేదీ, నువ్వు మొదట చూసిన తేదీ పక్కపక్కన. తర్వాత బార్తెల్ స్కోరు, మొదటిరోజుదీ డిశ్చార్జి నాటిదీ. 1965 నుంచీ ఉన్న కొలత అది, పది పనులకి నూరు మార్కులు. తినడం, స్నానం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మెట్లెక్కడం, ఇలాంటివే. పది నిమిషాలు పట్టదు. అందరికీ మొదలుపెట్టకు, వారంలో విసుగొచ్చి మానేస్తావు. పక్షవాతం, తుంటి ఎముక విరిగినవాళ్లు, ఈ రెండు రకాలకే చాలు.

స్కోరు పెరగకపోతే పెరగలేదనే రాయి. పక్షవాతం వచ్చిన 24 గంటల్లోపే ఎంత ఎక్కువసార్లు లేపి నడిపిస్తే అంత మంచిదని మేమంతా నమ్మాం. 2015లో వచ్చిన అవెర్ట్ పరిశోధన ఐదు దేశాల్లో 2,104 మందిని గమనించింది. అలా గట్టిగా చేయించినవాళ్లలో మూడు నెలలకి బాగా కోలుకున్నది 46 శాతం, మామూలు పద్ధతిలో 50 శాతం. లేపడం మానమని కాదు, మోతాదు తగ్గించమని. కొలిచారు కాబట్టే తెలిసింది. సిట్టింగులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే ఎప్పటికీ తెలిసేది కాదు.

సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్లినప్పుడు 2009లో లాన్సెట్‌లో వచ్చిన ఐసీయూ పరిశోధన కూడా కాగితం మీద రాసి తీసుకెళ్లు. అమెరికాలో రెండు ఆస్పత్రుల్లో వెంటిలేటరు మీదున్న 104 మంది. తొలిరోజుల నుంచే వ్యాయామం చేయించినవాళ్లలో 59 శాతం మంది డిశ్చార్జి నాటికి తమ పనులు తామే చేసుకోగలిగారు, మిగతావాళ్లలో 35 శాతమే. కానీ ఆ కాగితం కింద మీ వార్డు లెక్క ఉండాలి. రెండో రోజే చూసినవాళ్లు ఎంత దూరం వచ్చారు, తొమ్మిదో రోజున చూసినవాళ్లు ఎక్కడ ఆగారు. మన జిల్లా మనుషుల లెక్క ముందుంటే పక్కకి నెట్టడం కష్టం.

పోస్టు వచ్చేదాకా ఏం చెయ్యాలంటావా? పొద్దున ఓపీకి ముందే వార్డుకి వెళ్లు. కొత్తగా చేరినవాళ్లని ఐదేసి నిమిషాలు చూడు. చెయ్యి ఎలా పెట్టాలో, ఎటు తిప్పి పడుకోబెట్టాలో ఇంటివాళ్ల చేత చేయించి చూడు, చెప్పి వదిలెయ్యకు. మోకాళ్ల నొప్పులవాళ్లని పదిమందిని ఒకేసారి కూర్చోబెట్టి ఎక్సర్‌సైజులు నేర్పు. వాళ్లు నొప్పికి కరెంటు మిషను పెట్టమని పోరు పెడతారు, కాస్త ఓర్చుకో.

కీళ్ల కదలిక కొలిచే నా పాత గోనియోమీటరు, స్టాప్‌వాచీ పార్సిల్ చేశాను. వాచీకి బ్యాటరీ మార్పించాను. నెలాఖరుకి ఆ గళ్లు నింపిన పేజీ ఫొటో తీసి పంపు, పేర్ల మీద కాగితం కప్పి.

మీ పెద్దమ్మ