పెరటి చెట్టు

'పెరటి చెట్టు మందుకు పనికిరాదు' అన్నది లోకోక్తి. చేతికందే వస్తువు విలువను గుర్తింపలేని మానవ స్వభావాన్ని ఈ మాట ఎత్తిచూపుతుంది. సంగారెడ్డి జిల్లాలో, కర్ణాటక సరిహద్దున ఉన్న నారాయణఖేడ్ ప్రాంతవాసులకు వేప, తంగేడు, తులసి, తిప్పతీగ చిరపరిచితాలు. బతుకమ్మలో శోభిల్లే తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా. ఈ మొక్కల గుణాలు పల్లెల్లో చాలావరకు పెద్దల నోటిమాటగానే నిలిచాయి. చెప్పేవారు లేనినాడు ఆ ఎరుక అంతరించక తప్పదు.

శరీరం ప్రాణవాయువును వినియోగించుకొనే క్రమంలో 'ఫ్రీ రాడికల్స్' జనిస్తాయి. జత లేని ఎలక్ట్రాన్ గల ఇవి పొరుగు అణువుల నుండి ఎలక్ట్రాన్‌ను అపహరించి జీవకణాలకు హాని చేస్తాయి. తన ఎలక్ట్రాన్‌ను దానమిచ్చి ఆ హానిని నివారించే పదార్థమే యాంటీ ఆక్సిడెంట్. ఉసిరిలోని సి విటమిన్, టానిన్లు, పసుపులోని కుర్కుమిన్ ఇట్టివి. తులసిలోని యూజినాల్, వేపలోని నింబిడిన్ సూక్ష్మజీవుల పెరుగుదలను నిరోధిస్తాయని ప్రయోగాలు తెలిపాయి. మొక్క ఆత్మరక్షణకై సమకూర్చుకొన్న ఆయుధాలే మనిషికి ఔషధాలు కావడం విశేషం.

గాయానికి పసుపు అద్దడం మన ఇండ్లలో అనాదిగా ఉన్న ఆచారం. అయినా ఆ వాడకంపై 1995లో అమెరికాలో పేటెంటు మంజూరైంది. భారతీయ శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనా మండలి దానిని ప్రతిఘటించి, సంస్కృతం, ఉర్దూ, హిందీ భాషల్లోని రచనలను సాక్ష్యంగా సమర్పించింది. 1997లో పేటెంటు రద్దయింది. ఇంటింటా తెలిసిన సత్యానికి సైతం లిఖిత సాక్ష్యమే రక్షణ అయింది. అందుకే 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయ నిర్మాణం ఆరంభమైంది. అయితే గ్రంథాలకెక్కని పల్లెజ్ఞానాన్ని నమోదు చేయవలసిన బాధ్యత ఇంకా మిగిలే ఉంది.

ఉపేక్ష ఎంత దోషమో, గ్రుడ్డి నమ్మకమూ అంతే దోషం. గాజు పళ్లెంలో సూక్ష్మజీవిని అణచిన రసం మనిషి దేహంలో అట్లే పనిచేయాలన్న నియమం లేదు. నోటి ద్వారా తీసుకొన్న కుర్కుమిన్‌లో రక్తంలోకి చేరేది అత్యల్పం. కోవిడ్ కాలంలో తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయానికి హాని కలిగినట్లు 2021లో ముంబయి వైద్యులు నివేదించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ణయంతో ఏకీభవించలేదు. ఇట్టి వివాదాలను తీర్చగలిగేది నిష్పాక్షికమైన పరిశోధన మాత్రమే. సరియైన మొక్కను గుర్తించడం, తగిన మోతాదును ఎరగడం, వైద్యుని సలహా పాటించడం అత్యవసరం.

పెద్దల అనుభవాన్ని శ్రద్ధతో వినాలి. విన్నదానిని వ్రాసి ఉంచాలి. వ్రాసినదానిని పరీక్షకు నిలపాలి. అప్పుడే పెరటి చెట్టు నిజంగా మందుకు పనికివస్తుంది.