పాత ల్యాప్‌టాప్ ఒకరిది – అందులోని కాగితాలు అందరివి



అంబేద్కర్ విశ్వవిద్యాలయం, ట్రిపుల్ ఐటీ రెండూ ఉన్న మన ఎచ్చెర్లలో ల్యాప్‌టాప్ ఇప్పుడు వింత వస్తువు కాదు. అయితే మన హాస్టల్ గదిలో ల్యాప్‌టాప్ ఒకరిదైనా వాడకం అందరిదీ. స్కాలర్‌షిప్ దరఖాస్తు వచ్చిందంటే గదిలో ఉన్న వాళ్లందరి కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు, ఆధార్ కార్డులు, బ్యాంకు పాసుపుస్తకాలు, మార్కుల జాబితాలు అందులోకే చేరతాయి. కాబట్టి దాన్ని అమ్మేసిన రోజున పోయేది ఒక్కరి వస్తువు కాదు, గది మొత్తం వివరాలు.

ఈ సంగతి మాకు అనుభవం మీద తెలిసింది. మేము నలుగురం డబ్బులు వేసుకుని ఒక దుకాణంలో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాం. "పాతవన్నీ చెరిపేశాం" అన్నారు. చూస్తే ఖాళీగానే ఉంది. ఒకరోజు పొరపాటున మా ప్రాజెక్టు రిపోర్టు డిలీట్ అయిపోయింది. దాన్ని తిరిగి తెచ్చుకుందామని ఉచితంగా దొరికే రికవరీ సాఫ్ట్‌వేర్ నడిపాం. రిపోర్టుతో పాటు ఎవరిదో పెళ్లి ఫోటోలు, ఒక అమ్మాయి ఆధార్ కార్డు, పదో తరగతి మార్కుల పత్రం, బ్యాంకు పుస్తకం బయటపడ్డాయి! మాకు నోట మాట రాలేదు. ఇంకేమీ తెరవకుండా డిస్కు మొత్తం తుడిచేశాం. ఆ కాగితాలు మన చెల్లెలివే అయితే? అవి చెడ్డవాళ్ల చేతిలో పడితే? ఆ రాత్రి మేము నేర్చుకున్నదే ఈ పాఠం.

డిలీట్ అంటే ఏమిటి?

వార్డెన్ గారి రిజిస్టర్‌లో ఒక విద్యార్థి పేరు కొట్టేశారనుకోండి. అంతమాత్రాన గదిలో ఉన్న అతని ట్రంకు పెట్టె మాయమైపోదు కదా! కొత్త విద్యార్థి వచ్చి ఆ చోటు తీసుకునేదాకా పెట్టె అక్కడే ఉంటుంది. హార్డ్ డిస్కు సంగతీ అంతే. డిలీట్ చేస్తే, రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తే, ఆఖరికి క్విక్ ఫార్మాట్ చేసినా పోయేది జాబితాలోని పేరే. ఫైలు మాత్రం, దాని మీద ఇంకొకటి రాసేవరకు ఉండిపోతుంది.

ఇది మన ఒక్కరి అజ్ఞానం కాదు. అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యార్థులు సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలట్ 158 పాత డిస్కులు కొని పరీక్షించి 2003లో ఫలితాలు ప్రకటించారు. పనిచేసిన 129 డిస్కుల్లో సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే. మిగతావాటిలో 5,000కు పైగా క్రెడిట్ కార్డు నంబర్లు దొరికాయి.

ఇవ్వబోయే ముందు చేయవలసినవి

1. కావలసిన ఫైళ్లు పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, అవి తెరుచుకుంటున్నాయో లేదో మరో కంప్యూటర్‌లో చూసుకోండి. గదిలో అందరినీ అడగండి.

2. జీమెయిల్, వాట్సాప్, మైక్రోసాఫ్ట్ ఖాతాల నుంచి సైన్ అవుట్ అవ్వండి. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు తీసేయండి. ఫోన్‌లో వాట్సాప్ తెరిచి, లింక్‌డ్ డివైసెస్‌లో ఆ ల్యాప్‌టాప్ పేరు తొలగించండి.

3. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ, ఆ తర్వాత రీసెట్ దిస్ పీసీ నొక్కి "రిమూవ్ ఎవ్రీథింగ్" ఎంచుకోండి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. "ఛేంజ్ సెట్టింగ్స్"లోకి వెళ్లి "క్లీన్ డేటా" ఆన్ చేయాలి. అది చేయకపోతే పైపైన ఊడ్చినట్లే. దీనికి గంటల సమయం పడుతుంది, ఛార్జర్ తీయవద్దు.

4. తిరిగే పళ్లెం ఉండే పాత రకం హార్డ్ డిస్కు అయితే డీబ్యాన్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మొత్తం మీద ఒక్కసారి రాస్తే మామూలు అవసరానికి చాలు. కొత్త రకం ఎస్.ఎస్.డి.కి ఈ పద్ధతి నమ్మదగినది కాదు. అది రాసే చోటు తనంతట తానే మార్చుకుంటుంది కాబట్టి పాత ముక్కలు మిగలవచ్చు. దానికి తయారీ కంపెనీ ఇచ్చే "సెక్యూర్ ఎరేజ్" వాడాలి. కొన్న రోజునే ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసుకుంటే ఇంకా మంచిది. అప్పుడు తాళంచెవి చెరిపేస్తే లోపల మిగిలిన ముక్కలు ఎవరికీ అర్థం కావు.

5. చివరగా రికవరీ సాఫ్ట్‌వేర్ మీరే నడిపి చూడండి. మీకు ఏమీ దొరకకపోతే కొన్నవాళ్లకూ దొరకడం కష్టం.

అసలు ఆన్ కాకపోతే?

ల్యాప్‌టాప్ ఆన్ కాకపోయినా డిస్కు బాగానే ఉండవచ్చు. తెలిసినవారి చేత డిస్కు విప్పించి మీ దగ్గరే ఉంచుకోండి. డిస్కు కూడా చెడిపోయి తుడవడం కుదరకపోతే పళ్లేలకు డ్రిల్లుతో చిల్లులు పెట్టించండి. ఎస్.ఎస్.డి. అయితే లోపలి చిప్పులు ఒక్కొక్కటీ పగలాలి. బ్యాటరీ జోలికి మాత్రం పోవద్దు, గుచ్చితే మంట లేస్తుంది.

మిగిలిన పెట్టెను పాత సామాన్ల బండికి వేయడం, రాగి కోసం కాల్చడం కూడదు. బోర్డుల్లో ఉండే సీసం వంటి విషాలు గాలిలో, నేలలో కలుస్తాయి. ఆ పొగ పీల్చేదీ మనలాంటి పేదింటి పిల్లలే. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఇ-వ్యర్థాల నిబంధనల ప్రకారం వీటిని రిజిస్టర్ అయిన రీసైక్లర్లకే చేర్చాలి. తయారీ కంపెనీ కస్టమర్ కేర్‌ను అడిగితే ఎక్కడ ఇవ్వాలో చెబుతారు.

అన్నలకు ఒక మనవి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీలో చాలామంది పాత ల్యాప్‌టాప్‌లు పక్కన పెట్టి ఉంటారు. భయపడి మంచి డిస్కును పగలగొట్టకండి. పైన చెప్పినట్లు తుడిచి, లైనక్స్ వేసి, ఛార్జర్‌తో సహా మన హాస్టల్‌కు ఇవ్వండి. ఒక తమ్ముడి చదువు దానితో నడుస్తుంది. ఆఫీసు ల్యాప్‌టాప్ మాత్రం ఆఫీసుకే అప్పగించాలి.

తమ్ముళ్లూ! ఎవరి వివరాలైనా ఇప్పటికే దుర్వినియోగమై డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమైతే డబ్బు చేతులు మారిపోతుంది. మన అమ్మానాన్నలు ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగి, కూలి పోగొట్టుకుని తెచ్చిన కాగితాలవి. ట్రంకు పెట్టెకు తాళం వేసినంత శ్రద్ధగా వాటినీ కాపాడుకుందాం. ఈ వ్యాసం చదివి ఒక్కరు "క్లీన్ డేటా" నొక్కినా మా శ్రమ ఫలించినట్లే.