మరమ్మతు చేసిన ఫ్లాటు: బయానాకు ముందు చదవవలసినవి

బెంగళూరులో ప్లేగు వ్యాపించిన 1898లో, ఇరుకైన పాత పేటల నుండి ప్రజలను తరలించుటకు ఏర్పడిన పేటలలో మల్లేశ్వరం ఒకటి. పెరటిచెట్లతో ఉండిన అక్కడి పెంకుటిళ్ళు అనేకం కాలక్రమంలో అపార్ట్‌మెంట్లుగా మారినవి. 2014 మార్చి 1న పీణ్య నుండి సంపిగె రోడ్డు వరకు మెట్రో రైలు నడవసాగినది. నేడు ఆ ప్రాంతపు పాత ఫ్లాట్లు కొత్త హంగులతో అమ్మకానికి వస్తున్నవి.

ఒక కుటుంబాన్ని ఊహిద్దాం. రెండవ అంతస్తులోని ఫ్లాటును వారు చూచినారు. నేలకు కొత్త పలకలు, గోడలకు తెల్లని రంగు. వంటింటి గోడ తొలగించుటచే హాలు విశాలమైనది. భర్త ఆ సాయంత్రమే బయానా ఇవ్వబోయినాడు. భార్య, “ఏమండీ, ఈ నేలలో మన వాటా ఎంతో అడిగారా?” అన్నది. ఈ పాఠమంతా ఆ ప్రశ్నలోనే ఉన్నది.

నేలలో వాటా

ఫ్లాటుతోపాటు దాని కింది స్థలంలో అవిభాజ్య వాటా కూడా కొనుగోలుదారునికి సంక్రమించాలి. నలభై అరవై సైటు 2,400 చదరపు అడుగులు. అందులో సమాన వాటాలతో ఆరు ఫ్లాట్లుంటే ఒక్కొక్కదానికి 400 చదరపు అడుగులు. కట్టడం ఏటేటా పాతబడుతుంది. పేట మారినకొద్దీ విలువ పెరిగేది నేలకే. భవనాన్ని పడగొట్టవలసి వచ్చిన నాడు మిగిలేది ఆ వాటాయే. కావున ఆ అంకె క్రయపత్రంలో స్పష్టంగా ఉండాలి.

పత్రాలు

అమ్మకందారునికి హక్కు ఎవరి నుండి వచ్చినదో తెలిపే పూర్వపు క్రయపత్రాలను వరుసగా చదవాలి. ఋణభార పత్రంలో నమోదైన లావాదేవీలుంటే అది ఫారం 15గాను, ఏవీ లేకుంటే ఫారం 16గాను లభిస్తుంది. నమోదు కాని అప్పులు అందులో కనిపించవు. అందుచేత అసలు పత్రాలను కంటితో చూడవలెను. నకళ్ళు మాత్రమే చూపినచో అసలువి ఏ బ్యాంకు వద్ద ఉన్నవో విచారించవలెను.

‘ఖాతా’ అనగానే తెలుగు పాఠకునికి బ్యాంకు గుర్తుకు వస్తుంది. కర్ణాటకలో అది ఆస్తిపన్ను నిమిత్తం నగరపాలక సంస్థ ఉంచే నమోదు. 2024 అక్టోబరు నుండి బెంగళూరులో క్రయపత్రం నమోదుకు ఈ-ఖాతా అవసరమైనది. అయినను ఖాతా ఒక్కటే యాజమాన్యానికి రుజువు కాదు.

తొలగించిన గోడ

అది కేవలం అడ్డుగోడయా, భవనపు బరువు మోసే గోడయా అన్నది ఇంజినీరు పరీక్షించి చెప్పాలి. ఆమోదిత ప్లానుతో ఇంటిని పోల్చాలి. 1972 నాటి కర్ణాటక అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టానికి లోబడిన భవనంలో, భద్రతకు భంగం కలిగించే పనికి ఇతర యజమానులందరి సమ్మతి కావాలి. నిర్వహణ రుసుము బకాయి లేదని సంఘం నుండి పత్రం పొందుట మేలు.

ఒప్పందం, నమోదు

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షను ప్రకారం, విక్రయ ఒప్పందం మాత్రమే ఆస్తిపై హక్కు కలిగించదు. నమోదైన క్రయపత్రమే హక్కును బదిలీ చేస్తుంది. పత్రాలలో లోపం బయటపడినచో బయానా తిరిగి ఇవ్వవలెనన్న షరతును ఒప్పందంలోనే వ్రాయించుకొనుట క్షేమం.

మన ఉదాహరణలోని భర్త బయానాను ఆపి, పత్రాల నకళ్ళు అడిగినాడు. వారం ఆలస్యమైనది. ఆ వారంలో వారి జీవితకాలపు పొదుపు వారి వద్దనే భద్రంగా ఉన్నది.

అభ్యాసం

1. 2,400 చదరపు అడుగుల స్థలంలో సమాన వాటాలతో ఎనిమిది ఫ్లాట్లున్నచో ఒక్కొక్కదాని వాటా ఎంత?
2. ఫారం 16 చూచిన తరువాత కూడా అసలు పత్రాలను ఎందుకు చూడాలి?
3. మీ ఇంటి క్రయపత్రం తెరచి, అవిభాజ్య వాటా ఎంతని వ్రాసి ఉన్నదో చూడండి.