ఇనాండా చెరకుసీమలో వార్తాపత్రికలు

డర్బన్ నగరమునకు ఉత్తరమున, చెరకుతోటల చేరువ నున్న ఇనాండా ప్రాంతము ఇరువదవ శతాబ్ది ఆరంభమున కేవలము పల్లెసీమ. అట్టి చోట దగ్గర దగ్గరగా రెండు వార్తాపత్రికలు వర్ధిల్లినవి. వానిలో ఒకటి ‘ఇలాంగ లాసె నటాల్’, అనగా నేటాల్ సూర్యుడు. ఓలాంగె విద్యాలయమును నెలకొల్పిన జాన్ డూబే 1903 ఏప్రిల్ నెలలో జూలూ, ఆంగ్ల భాషలలో దీనిని ప్రారంభించిరి.

రెండవది ‘ఇండియన్ ఒపీనియన్’. ఇది 1903 జూన్ 4వ తేదీన డర్బన్‌లో జన్మించెను. ఖర్చు భారమైనందునను, రస్కిన్ గ్రంథమొకటి మనస్సును కదలించినందునను, గాంధీజీ 1904లో ఫీనిక్స్ వద్ద సుమారు నూరెకరముల నేలను సంపాదించి ముద్రణాలయమును అచటికి తరలించిరి. జాతిభేదము లేక పనివారందరికి నెలకు 3 పౌనుల భృతి మాత్రమే. మిగిలినది నేల దున్ని సంపాదించుకొనవలెను.

అచ్చట మొదటి సంచిక వెలువడవలసిన రాత్రి నూనె ఇంజను మొరాయించినది. అప్పుడు చేతిచక్రమే దిక్కయ్యెను. దానిని త్రిప్పుటకు నలుగురు కావలెను. ఆశ్రమవాసులు అలసిపోగా, పనిచేసి నిద్రించుచున్న వడ్రంగులను లేపిరి. తెల్లవార్లు వంతులవారీగా త్రిప్పిరి. ఉదయమున ఇంజను తనంతట తానే కదలినట్లు కదలెను! తరువాత పత్రిక కొలతను తగ్గించిరి. ఇంజను ఆగినను కాలితో త్రొక్కు చిన్నయంత్రముపై అచ్చువేయ వీలగుటకే ఈ ఏర్పాటు.

చందా కట్టలేనివారు కొందరు కలిసి ఒక ప్రతిని తెప్పించుకొనెడివారు. ఒకరు చదువగా చుట్టును కూర్చుండి పలువురు వినెడివారు. ఈ వినుటయే తెలుగు కూలీలకు ముఖ్యమైనది. ఏలయన ఆ పత్రిక ఆంగ్లము, గుజరాతీ, హిందీ, తమిళ భాషలలో ఆరంభమయ్యెను గాని తెలుగులో కాదు. వ్రాయువారును అక్షరములు కూర్చువారును దొరకక హిందీ, తమిళ భాగములు సైతము 1906లో నిలిచిపోయినవి. గాంధీజీ భారతదేశమున తెలుగు నేర్వ యత్నించి అక్షరమాలను దాటలేకపోతినని ఆత్మకథలో ఒప్పుకొనిరి.

అయినను పత్రికలోని విషయము తెలుగువారి బ్రదుకే. ఒప్పందము ముగిసినను తిరిగి పోక, క్రొత్త ఒప్పందమునకు లోబడక నిలిచినవారు ఏటేట 3 పౌనుల తలపన్ను చెల్లింపవలసి యుండెను. ఒప్పందపు తొలియేట కూలి నెలకు పది షిల్లింగులు. అనగా ఆరునెలల కూలి! పురుషులకే గాక స్త్రీలకును ఈ భారము తప్పలేదు. దీనిపై పత్రిక పలుమార్లు వ్రాసెను. 1913 నవంబరులో సమ్మెకట్టి తోటలు విడిచిన కూలీలలో అనేకులు ఫీనిక్స్‌కే వచ్చి తలదాచుకొనిరి. మరుసటి సంవత్సరము ఆ పన్ను రద్దయ్యెను.

తండ్రి పిమ్మట మణిలాల్ గాంధీ పత్రికను చాలకాలము నడిపి 1956లో మరణించిరి. ఆయన భార్య సుశీల 1961 వరకు సాగించి ముగించిరి. ‘ఇలాంగ’ అటుపిమ్మట కూడ కొనసాగెను. ఫీనిక్స్ ఆశ్రమము 1985 ఆగస్టు అల్లరులలో దగ్ధమై, పునర్నిర్మితమై 2000లో తిరిగి తెరువబడెను.