నేల పట్టని నత్రజని

పశువుల పెంటను చేనికి బలంగా భావించడం మన రైతులకు తరతరాల అలవాటు. దిబ్బలో మాగిన ఎరువును వేసవిలో బండ్లతో తోలి, తొలకరికి ముందు దుక్కిలో కలుపుతారు. అటువంటి ఎరువే వాయవ్య ఐరోపాలోని ఇరుగుపొరుగు దేశాలైన నెదర్లాండ్స్, జర్మనీ, డెన్మార్క్‌లలో చట్టాలకూ, న్యాయస్థాన వివాదాలకూ కారణమైందంటే ఆశ్చర్యం కలుగక మానదు.

అక్కడి పశుశాలలలో పేడ, మూత్రం, కడిగిన నీరు కలిసి చిక్కని ద్రవంగా తొట్లలో నిలువ ఉంటాయి. దీనిని స్లర్రీ అంటారు. మాగిన దిబ్బ ఎరువులోని నత్రజని చాలావరకు సేంద్రియ రూపంలో ఉండి మెల్లమెల్లగా విడుదలవుతుంది. స్లర్రీలోని నత్రజనిలో దాదాపు సగం అమ్మోనియం రూపంలో ముందే సిద్ధంగా ఉంటుంది. అమ్మోనియంకు ధనావేశం, బంకమట్టి రేణువులకు ఋణావేశం ఉండడంచేత మట్టి దానిని పట్టి ఉంచగలదు. అయితే నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ వంటి సూక్ష్మజీవులు కొన్ని వారాలలోనే అమ్మోనియంను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్‌కు ఉన్నది ఋణావేశమే. అందువల్ల మట్టి దానిని నిలుపుకోలేదు. నీరు ఎటు పోతే అదీ అటే పోతుంది.

ఈ ప్రమాదం శరదృతువులో మరింత ఎక్కువ. అప్పటికి కోతలు ముగిసి ఉంటాయి. పీల్చుకొనే వేళ్ళు ఉండవు. ఆవిరయ్యే నీటికంటె కురిసే వాన అధికం. నెదర్లాండ్స్ తూర్పు, దక్షిణ భాగాలలోని ఇసుక నేలలలో ఆ నీరు వేళ్ళ లోతును దాటి భూగర్భజలంలో చేరుతుంది. అలా దాటిపోయిన నత్రజనిని తరువాతి పంట అందుకోలేదు.

త్రాగునీటిలో నైట్రేట్ మితిమీరితే పసిపిల్లల రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి తగ్గి, శరీరం నీలివర్ణం దాల్చే ప్రమాదముంది. అందుకే ఐరోపా సమాఖ్య లీటరుకు 50 మిల్లీగ్రాములను హద్దుగా నిర్ణయించింది. మన దేశంలో ఆ హద్దు 45. నత్రజని సముద్రం చేరితే నాచు విపరీతంగా పెరుగుతుంది. అది కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోతుంది. 1986లో డెన్మార్క్ తీరాన కాటెగాట్ సముద్రంలో చచ్చిన లాబ్‌స్టర్ల దృశ్యాలు ఆ దేశ ప్రజలను కలవరపెట్టాయి. మరుసటి సంవత్సరమే ప్రభుత్వం జలరక్షణ ప్రణాళికను ప్రకటించి, నత్రజని నష్టాన్ని సగానికి తగ్గించాలని సంకల్పించింది. రైతులు స్లర్రీని నెలల తరబడి నిలువ చేసి, పైరు ఎదిగే వసంతంలోనే చల్లవలసి వచ్చింది. కోతల తరువాత నేలను ఖాళీగా ఉంచక, మిగిలిన నత్రజనిని పీల్చుకొనే పైర్లు వేయడం కూడా అమలులోకి వచ్చింది.

నెదర్లాండ్స్ పరిస్థితి ఇంతకంటె చిక్కైనది. సుమారు 41,500 చదరపు కిలోమీటర్ల ఆ చిన్న దేశంలో పశువులు 35 లక్షలకు పైగా ఉన్నాయి. వాటి దాణాలో చెప్పుకోదగిన భాగం విదేశాల నుండి, ముఖ్యంగా దక్షిణ అమెరికా సోయా రూపంలో, ఓడలలో దిగుతుంది. గింజ పండిన నేల ఒకచోట, పేడ పడే నేల మరొకచోట. అసలు చిక్కంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

1991 నాటి ఐరోపా నైట్రేట్ శాసనం, కాలుష్యానికి లోనయ్యే ప్రాంతాలలో హెక్టారుకు ఏటా 170 కిలోలకు మించి పశువుల ఎరువు నత్రజని వేయరాదన్నది. ఒక పాడి ఆవు ఏడాదికి విసర్జించే నత్రజనియే 100 కిలోలకు పైబడుతుంది. అంటే హెక్టారుకు రెండు ఆవులు కూడా కుదరవు! పచ్చిక అధికంగా గల డచ్ పొలాలకు 2006 నుండి 250 కిలోల వరకు సడలింపు లభించింది. దానిని 2025 చివరికి దశలవారీగా ముగించాలని ఐరోపా కమిషన్ 2022లో నిర్ణయించింది. అదనపు ఎరువును సొమ్ము చెల్లించి తరలించడమో, ఆవులను తగ్గించుకోవడమో రైతుకు తప్పలేదు. అప్పు చేసి పశుశాల కట్టిన కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు.

మిగులు ఎరువులో కొంత లారీలలో జర్మనీకి వెళుతుంది. ఆ జర్మనీయే నైట్రేట్‌ను అరికట్టలేదని 2018లో ఐరోపా న్యాయస్థానం తీర్పు చెప్పింది. పైగా జర్మనీ పొలాల నుండి జారిన నత్రజనిలో కొంత రైన్ నది వెంట తిరిగి నెదర్లాండ్స్‌కే వస్తుంది. భూగర్భజలం నడక నదికంటె ఎంతో మందకొడి. నేడు బావిలో కనిపించే నైట్రేట్ పదేళ్ళనాటి, కొన్నిచోట్ల అంతకంటె పాత ఎరువుది కావచ్చు. కనుక ఈ ఏడు ఎరువు తగ్గించిన రైతుకు, ఆ బావినీటిలో మార్పు వెంటనే కనబడదు.