బర్లకు గడ్డి ఎవలేసిండ్రు?

1. నీతి కోసం చదవకు.
నల్లగొండ జిల్లా బళ్లల్లో ముప్పై రెండేండ్లు తెలుగు చెప్పిన. ‘ఈ కథలోని నీతి రాయండి’ అన్న ప్రశ్న ఎన్నిసార్లు ఇచ్చిన్నో లెక్కలేదు. ఒక పిల్లగాడు నీతి రాయకుండా, ఆ ఇంట్లో రెండు రోజుల సంది పొయ్యి ముట్టియ్యలేదని రాసిండు. కథలో ఆ మాట లేదు. పొయ్యిల పిల్లి పడుకున్నదని ఒక్క ముక్క ఉన్నదంతే. రచయిత దాచిపెట్టింది వాడు పట్టుకున్నడు. నేను సున్నా వేసిన.

2. కథ ఎక్కడ ఆగిందో అక్కడ నువ్వు ఆగకు.
ఇది మా అమ్మ దగ్గర నేర్చుకున్న. అమ్మకు వేలిముద్రే. ఒక ఎండకాలం పొద్దుమీకి వాకిట్ల కూసోని చింతపండు గింజలు తీస్తుంటే, పక్కన మంచంల కూసోని కథ చదివి వినిపించిన. అప్పుకు జీతమున్న పిల్లగాడు రాత్రిపూట దొర కొట్టం నుంచి పారిపోతడు. తూర్పు తెల్లారుతుండగా కథ అయిపోతది. నాకైతే రోమాలు నిక్కబొడిచినయి. అమ్మ తలెత్తలే.

“అదంత సరే బిడ్డా, పొద్దుగాల బర్లకు గడ్డి ఎవలేసిండ్రు?”

నవ్విన. అమ్మ నవ్వలే. “వాడు ఉరికితే అప్పు ఉరుకుతదా? వాని తమ్మున్ని గుంజుకొచ్చి అదే కొట్టంల పెడతరు” అన్నది. గింజ ఒకటి తీసి పక్కకు వేసింది. తమ్ముడున్నట్టు కథలో ఎక్కడా లేదు. కానీ ఆ రాత్రి మళ్లీ చదివితే రెండో పేజీల రెండు సద్ది గిన్నెలు కనిపించినయి. బీయే చదివిన నా కండ్లకు మొదటిసారి అవి ఆనలేదు.

3. ఎవరో వెకిలి కథలన్నరని పుస్తకం మూసెయ్యకు.
అప్పటి పాలమూరు జిల్లా ఇటికాలపాడు మనిషి, ‘గోలకొండ పత్రిక’ నడిపిన సురవరం ప్రతాపరెడ్డిని తలుచుకో. ‘శుకసప్తతి’, ‘హంసవింశతి’ పేర్లు చెప్తే పెద్దమనుషులు ముసిముసిగా నవ్వుతరు, శృంగార కథలని. సురవరం వాటినే ముందటేసుకొని జనం ఏం తిన్నరు, ఏం కట్టిండ్రు, పిల్లలు ఏ ఆటలాడిండ్రు అని ఏరుకున్నడు. 1949లో వచ్చిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు అట్లాంటి చదువే పెట్టుబడి. ఆయన 1953లో పోయిండు. 1955లో తెలుగుకు మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి ఆ పుస్తకానికే వచ్చింది. కథను ఇంతకంటే బాగా చదివినోళ్లు నాకైతే తెల్వరు.

4. నవలను శాసనం అనుకోకు.
నాగర్‌కర్నూలు దిక్కు గోన గన్నారెడ్డిని సొంత చుట్టం లెక్క చెప్పుకుంటరు. గోనవారు వర్ధమానపురం ఏలిన మాట చరిత్రే. ఆయన మీద వచ్చిన నవలలో గన్నారెడ్డి మాట తీరు, నవ్వు మాత్రం అది రాసిన అడివి బాపిరాజువి. రెండూ ముద్దే, కలపొద్దు.

5. నీ ఊరి నీళ్లు కథలో కలుపు, కానీ చూసుకొని కలుపు.
నడుము వంగిన మనిషి కథలో వస్తే వేరే జిల్లావాళ్లు ముసలితనం అనుకుంటరు. మర్రిగూడ దిక్కు చదువరికి ముందు ఫ్లోరైడ్ నీళ్లు యాదికొస్తయి. ఆ యాది కథకు బలమే. అట్లని వంగిన ప్రతి నడుమూ మన బోరింగు నీళ్లతోనే వంగిందంటే రచయిత మొత్తుకుంటడు. నేను ఒక సభలో అట్లనే వాదించిన. ఆ కథ గోదావరి ఒడ్డుదని తర్వాత తెలిసింది.

6. ముగింపు లేని పుస్తకం కూడా చదువు.
నకిరేకల్ దిక్కు పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి చిన్నప్పుడు ఇండ్లల్ల వంట చేసిండు, హోటల్లో పనిచేసిండు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు మోసుకుంట ఊరూరు తిరిగి అమ్మిండు. తెలంగాణ తొలి నవలగా పేరుపడ్డ ‘ప్రజల మనిషి’ తర్వాత ‘గంగు’ మొదలుపెట్టిండు. 1961లో, నలభై ఐదేండ్లకే పోయిండు. ‘గంగు’ పూర్తికాలేదు.

చివర ఏమైందో తెల్వని నవల ఎందుకని మా మనుమరాలు అడిగింది. పుస్తకం చేతికిచ్చిన. సగం దాకా వచ్చింది, ఇంకా తిరిగియ్యలే.