పలికే కొయ్య, పలకకూడని కొయ్య

ఇంటిలో సినిమా చూచే ఏర్పాటునకు హోం థియేటర్ అని పేరు. అందులో ఉరుము, పిడుగు, నగారా వంటి మంద్రధ్వనులను మాత్రమే పలికించే పరికరము సబ్‌వూఫర్. 5.1 అను గుర్తులో చుక్క తరువాతి ఒకటి ఇదియే. స్పీకరును మాత్రము అంగడిలో కొని, దాని పెట్టెను స్వయముగా చేసికొనుట మన విద్యార్థులకు అసాధ్యమైన పని కాదు. అయితే ఈ పనికి పూనుకొన్న వానికి మొదట దొరికే సలహా ఒకటి గలదు: “ఖర్చయినా సరే, మంచి టేకుతో చేయించు.” ఈ సలహా తప్పని మా అభిప్రాయము. ఎందుకు తప్పో తెలిసికొనుటలోనే ఈ విషయపు సారమంతా ఉన్నది.

బొబ్బిలి వీణను చూడండి. బొబ్బిలి సమీపమున గొల్లపల్లి పనివారు పనస మ్రానును ఎన్నుకొని, ఒకే దుంగను తొలిచి ఏకాండి వీణను చేయుదురు. తీగె సన్ననిది, అది తానై కదిలించగల గాలి బహు స్వల్పము. తీగె కంపనమును కొయ్య అందుకొని, తాను కంపించి, గాలికి అందించును. కావున వాద్యములలో కొయ్య పలుకవలెను. తరతరాలుగా “మంచి కొయ్య, మంచి నాదము” అను నమ్మకము మనలో స్థిరపడినది ఇందువల్లనే. సబ్‌వూఫరులో నాదమును పుట్టించునది కాగితపు కోను. అక్కడ కొయ్యకు ఉన్న ధర్మము ఒక్కటే: నోరు మెదపకుండుట.

మరి పెట్టె ఎందుకు? కోను ముందుకు కదిలినప్పుడు ముందరి గాలి నొక్కబడును, అదే క్షణమున వెనుకటి గాలి పలుచబడును. ఈ రెండును కలిసికొన్నచో ఒకదానినొకటి హరించును. 25 డిగ్రీల వేడిమిలో ధ్వని వేగము సెకనుకు 346 మీటర్లు. 40 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యము 8.65 మీటర్లు. ఇంత పొడవైన అల చిన్న పలకను చుట్టి అవలీలగా వెనుకకు పోవును. కావున కోను వెనుక భాగమును పెట్టెలో బంధింపవలెను. పైగా, పౌనఃపున్యము సగమైనచో అదే తీవ్రత కొరకు నాలుగింతల గాలిని కదిలింపవలసి వచ్చును. మన చెవియు మంద్రము పట్ల మందమే. 1000 హెర్ట్జ్ వద్ద 2, 3 డెసిబెల్స్ చాలు, 31.5 హెర్ట్జ్ వద్ద వినబడుటకే దాదాపు 60 కావలెను.

ఇప్పుడు కొయ్య మీద పడే బలమును లెక్కింతము. 10 అంగుళాల కోను వైశాల్యము సుమారు 340 చదరపు సెంటీమీటర్లు. ఒక సెంటీమీటరు లోనికి వచ్చిన కోను 340 ఘన సెంటీమీటర్ల గాలిని నొక్కును. ద్వారము లేని 50 లీటర్ల పెట్టెలో ఇది స్థిరోష్ణక మార్పు గనుక పీడనము దాదాపు 950 పాస్కల్స్ పెరుగును. 32 సెంటీమీటర్ల వెడల్పు, 43 సెంటీమీటర్ల ఎత్తు గల వెనుక పలక మీద ఇది సుమారు 13 కిలోల బరువు పెట్టినట్లు. 13 కిలోలు ఒకసారి నెట్టి, ఒకసారి లాగి, సెకనుకు ముప్పది నలుబది పర్యాయములు! పలుచని పలక దీనికి తట్టుకొనలేక తానే వణికి, తన సొంత గొంతును కలుపును. పలక బిగువు దాని మందము యొక్క ఘనమును బట్టి ఉండును. 12 మిల్లీమీటర్లకు బదులు 18 వాడినచో బిగువు మూడింతలకు పైగా హెచ్చును. కొయ్య జాతిని మార్చుటకన్న మందమును పెంచుట, నడుమ ఒక అడ్డపట్టె వేయుట ఎన్నో రెట్లు మేలు.

టేకును నిందించుట మా ఉద్దేశము కాదు. తేమకు తక్కువగా చలించే కొయ్యలలో అది ఒకటి. కాని వెడల్పు పలక కావలెనన్న ముక్కలను అతికింపవలెను. మే నెల ఎండకు ముడుచుకొని, ఆగస్టు ముసురుకు ఉబ్బే కొయ్యలో ప్రతి అతుకు ఒక అనుమానమే. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డముగా అతికి ఉండుట వలన ఈ చలనము చాలా వరకు అణగిపోవును. ఐ.ఎస్. 303 లేదా ఐ.ఎస్. 710 ముద్ర గల 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఉత్తమము. ఎం.డి.ఎఫ్. బరువైనది, ధ్వనికి మంచిదే. అయితే నీరు తగిలినచో ఉబ్బిపోవును. టేకు మీద మక్కువ గలవారు పైన టేకు పొర అతికించుకొనవచ్చును.

ఇక ద్వారము సంగతి. బిందె నిండుచున్నకొలది దాని చప్పుడు పైస్థాయికి పోవుట మన ఇండ్లలో అందరికిని అనుభవమే. లోపలి గాలి తగ్గినకొలది అనునాద పౌనఃపున్యము పెరుగును. హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దమున దీనికి గణితమును సమకూర్చెను. గొట్టపు అడ్డుకోత వైశాల్యమును, పెట్టె ఘనపరిమాణము, గొట్టపు పొడవుల లబ్ధముతో భాగించి, వర్గమూలము తీసి, ధ్వని వేగముతో గుణించి, 6.28తో భాగింపవలెను. 50 లీటర్ల పెట్టె, 10 సెంటీమీటర్ల లోపలి వ్యాసము గల పి.వి.సి. గొట్టము, 35 హెర్ట్జ్ కోరినచో పొడవు 38.9 సెంటీమీటర్లు వచ్చును. గొట్టపు కొనల వద్ద గాలి కొంత బయటికి కూడ కదులును గనుక అందుకై 7.3 తీసివేయగా 31.6 సెంటీమీటర్లు కోయవలెను. ఇండ్ల మురుగునీటికి వాడే నాలుగంగుళాల గొట్టమే దీనికి చాలును. దాని లోపలి వ్యాసమును కొలిచి లెక్కను సవరించుకొనవలెను. మన ఎండలకు 42 డిగ్రీలైనప్పుడు స్వరము 36 హెర్ట్జ్‌కు జరుగును, చెవికి తెలియదు.

ఈ 50 లీటర్లు ఉదాహరణ మాత్రమే. ఏ స్పీకరుకు ఎంత పెట్టె అన్నది ఊహ కాదు. 1961లో ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్, 1970 దశకమున రిచర్డ్ స్మాల్ దీనిని లెక్కలోనికి తెచ్చిరి. స్పీకరుతో ఇచ్చే కాగితమున ఎఫ్.ఎస్., క్యూ.టి.ఎస్., వి.ఎ.ఎస్. అను మూడు అంకెలుండును. ఆ కాగితము లేని స్పీకరును కొనకుండుట మంచిది. టేకుకు పెట్టదలచిన సొమ్మును ఇక్కడ పెట్టవలెను.

పై ఉదాహరణకు లోపలి కొలతలు వెడల్పు 32, ఎత్తు 43, లోతు 41 సెంటీమీటర్లు, అనగా 56.4 లీటర్లు. స్పీకరు, గొట్టము, అడ్డపట్టె ఆక్రమించినది పోగా సుమారు 50 మిగులును. గొట్టపు లోపలి కొనకును వెనుక పలకకును నడుమ గొట్టపు వ్యాసమంత ఖాళీ తప్పక ఉండవలెను. అంచులను చిత్రికపట్టి, జిగురు నిండుగా పూసి, మరమేకులతో బిగించి, లోపలి మూలలన్నిటిని మరల జిగురుతో మూయవలెను. ఇక్కడ మా మనసులోని మాట ఒకటి. వడ్రంగి ఇంటి బిడ్డకు పాఠ్యపుస్తకములో తన ఇంటి పని ఎక్కడను కనబడదు. అనునాదపు సూత్రమును కంఠస్థము చేసినవానికి ఉలి పట్టుట రాదు. వీరిద్దరును ఒక బల్ల వద్ద నిలిచే అవకాశము ఈ పెట్టెలో గలదు. దీనిని ప్రయోగశాల పనిగా లెక్కించుట గురించి కళాశాల కమిటీ ఆలోచింప ప్రార్థన.

పొరుగువారి మాట కూడ ఉన్నది. 2000 సంవత్సరపు ధ్వనికాలుష్య నియమముల ప్రకారము నివాస ప్రాంతములలో పగలు 55, రాత్రి 10 నుండి ఉదయము 6 వరకు 45 డెసిబెల్స్ పరిమితి. ఈ కొలత మాపకపు ‘ఎ’ తూకములోనిది. ఆ తూకము 31.5 హెర్ట్జ్ ధ్వనిని 39 డెసిబెల్స్ తక్కువగా చూపును. కనుక మాపకము ఊరకున్నంత మాత్రమున పక్కింటి రోగికి నిద్ర పట్టినదని అనుకొనరాదు. మంద్రధ్వని ఇటుక గోడను సులభముగా దాటును.

పెట్టె పూర్తియైన పిమ్మట రెండు పరీక్షలు. మొదట స్పీకరును బిగించి, మంద్రస్వరమును సన్నగా పలికించుచు, అతుకుల వెంబడి వెలిగించిన అగరుబత్తిని నడిపింపవలెను. పొగ ఎక్కడ తుళ్ళినదో అక్కడ సందు ఉన్నది. తరువాత స్పీకరును ఆపి, ప్రతి పలక నడుమ వేలి కణుపుతో తట్టవలెను. తబలా వలె మ్రోగిన పలకకు మరియొక అడ్డపట్టె వేయవలెను. నేల బండను తట్టినట్లు మొద్దుగా చప్పుడైనచో ఆ పలకకు రంగు వేయవచ్చును.